సోమవారం మాత్రం బాగుండే పంపు

మోటార్లూ నీటి పంపులూ చూసుకునే పనిలో నేను ముప్పై ఆరేళ్ల నాలుగు నెలలు ఉన్నాను. మొదటి ఆరేళ్లు గద్వాల ఐసు కార్ఖానాలో, తర్వాత వనపర్తిలో, చివరికి నాగర్‌కర్నూల్ నీళ్ల పంపుల దగ్గర. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు, ఏదైనా రాసి ఇవ్వమని అడిగారు. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ హోదాలో దిగిపోయాను అన్నవి రాయను. వాటితో మీకు పని లేదు. నాకు పని నేర్పిన సంగతులు రెండు మూడే ఉన్నాయి. వాటిలో పెద్దది 1352 ఫసలీ, తీర్ నెలలో జరిగింది. కార్ఖానా పుస్తకంలో నిజాం సర్కారు తేదీలే రాసేవాళ్లం. ఇంగ్లీషు లెక్కలో అది 1943 మే నెల. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.

చిన్న మోటారును చూడండి

ఐసు కార్ఖానా అంటే చలిని తయారుచేసే చోటని జనం అనుకుంటారు. చలిని ఎవరూ తయారుచేయలేరు. ఒకచోటి వేడిని తీసి ఇంకోచోట పారబోయడమే అక్కడ జరిగే పని.

లోపల ఉప్పునీళ్ల తొట్టి, అందులో మంచినీళ్లు నింపిన నలభై రేకు డబ్బాలు. తొట్టిలోని వేడిని గొట్టాల్లో తిరిగే అమోనియా తీసుకుంటుంది. పెద్ద మోటారు పట్టాతో తిప్పే కంప్రెసర్ ఆ అమోనియాను అదిమి బయటి గొట్టాల్లోకి తోస్తుంది. ఆ గొట్టాల మీద బావినీళ్లు పడుతూ ఉంటాయి. వేడి నీళ్లలోకి దిగి కాలువలో పోతుంది. బావినీళ్లను పైకి తెచ్చేది ఒక చిన్న మోటారు, దానికి బిగించిన పంపు. ఆ నీళ్లు తగ్గితే అమోనియా ఒత్తిడి పెరుగుతుంది, పెద్ద మోటారు రొప్పుతుంది, తెల్లారి డబ్బా తీస్తే ఐసు నడుమ నీళ్లు కదులుతుంటాయి.

కార్ఖానా చూడటానికి వచ్చినవాళ్లంతా పెద్ద మోటారు ముందు నిలబడి నోరు తెరిచేవాళ్లు. బావి లోపల రాతి అరుగు మీద, గబ్బిలాల వాసనలో తిరిగే చిన్న మోటారును చూస్తామని అడిగినవాళ్లు ఆరేళ్లలో ఇద్దరు. ఒకాయన బడిపంతులు. ఇంకొకరు గేదెను వెతుక్కుంటూ వచ్చిన ముసలామె.

నేను ఎలా చేరాను

మా నాయన అక్కడ నూనె పోసే పని చేసేవాడు. ధరూర్ వైపు కూలి మానుకుని ఊళ్లోకి వచ్చిన మనిషి. చెవితో, చేతితో యంత్రం సంగతి చెప్పగలడు కానీ అంకెలు చదవలేడు. నేను మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మధ్యాహ్నం బువ్వ తెచ్చినప్పుడు ఒత్తిడీ కరెంటూ చూపే గేజీల ముళ్లు చూసి ఆయన బదులు నేనే రాసేదాన్ని. ఒకరోజు మేనేజరు రాఘవరావు గారు పుస్తకం తిప్పి, "ఈ చేతిరాత ఎవరిది?" అని అడిగారు. నాయన భయపడి నన్ను చూపించాడు. మరుసటి నెల నుంచి ఆ రాత పని నాదే అయింది. రాఘవరావు గారు కర్నూలు మనిషి. ఆడపిల్లకు పని ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆయన గురించి ముందు ముందు మంచి మాటలు తక్కువ రాస్తాను కనుక ఈ ఒక్కటి ఇక్కడ రాసి పెడుతున్నాను.

పని నేర్పింది కరీం మేస్త్రీ. నేను చాచా అనేదాన్ని. మోటారు మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టమనేవాడు. పది దాకా ఉంచగలిగితే మోటారు బాగుంది, అయిదుకే తీస్తే ఆపాలి. మోటారులో కరెంటు అందించే బ్రష్షులు ఆనే రాగి చుట్టును ఎమరీ కాగితంతో రుద్దొద్దనీ, గాజు కాగితమే వాడాలనీ మొదటి రోజే చెప్పాడు. ఎందుకని అడిగితే, "ముందుగాల చెయ్యి, మల్ల అడుగు" అన్నాడు. ఎమరీ పొడి కరెంటును పోనిస్తుందని, అది ఆ చుట్టులోని పలకల నడుమ ఇరుక్కుంటే నిప్పురవ్వలు లేస్తాయని నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఇది చాచాలో లోపం. కారణం చెప్పకుండా నేర్పిన పని సగమే నిలుస్తుంది. మీ కింద పనిచేసేవాళ్లకు కారణం చెప్పండి.

చుక్కలు

నా మొదటి తప్పు కూడా రాయాలి. పంపు ఇరుసు బయటికి వచ్చే చోట నూనె పట్టించిన నూలుతాడు చుట్టి, పైన బిళ్ల బిగిస్తారు. అక్కడ నీళ్లు చుక్కలుగా కారుతుంటాయి. మన పక్క నీళ్లు కారుతుంటే చూస్తూ ఉండే ఆడది ఉండదు. ఒకరోజు పానా తీసుకుని చుక్క ఆగేదాకా బిగించాను. అరుగు పొడిగా తుడిచి, చాచాకు చూపించుకున్నాను.

ఆయన ఇరుసు మీద చెయ్యి పెట్టి వెంటనే తీశాడు. "బేటీ, దీని నోరు కట్టేసినవు. గిది ఊపిరెట్ల తీస్తది?"

తాడు కాలిపోయి ఇరుసు మీద గీతలు పడ్డాయి. ఆ చుక్కలే ఇరుసుకు తడి, చలవ. నిమిషానికి నలభై చుక్కలు ఉండాలని ఆ రోజు కూర్చుని లెక్కపెట్టుకున్నాను. తర్వాత ఏ పంపు దగ్గరికి వెళ్లినా ముందు చుక్కలు లెక్కపెట్టేదాన్ని. ఇంతకన్నా పెద్ద తప్పు చేయనని అప్పుడు అనుకున్నాను.

తీర్ నెల

ఆ ఏడు ఎండలు మొదలైన దగ్గరనుంచి మధ్యాహ్నం పూట ఒత్తిడి పెరగసాగింది. పొద్దున ఆరింటికి నూట డెబ్బై ఉండే ముల్లు రెండింటికి రెండు వందల ముప్పై దాకా పోయేది. రెండు వందల యాభై దగ్గర ఎర్రగీత. అక్కడికి పోతే అన్నీ ఆపాలి. నలభై డబ్బాల్లో పన్నెండు పదమూడు సరిగ్గా గడ్డకట్టేవి కావు. మొదటి డబ్బాలు దవాఖానాకు పోయేవి. జ్వరం వార్డు కాంపౌండరు రోజూ వచ్చి, "ఇది ఐసా, సల్ల నీళ్లా?" అని అడిగి పోయేవాడు.

అదే వేళకు బావిలో పంపు రాళ్లు నములుతున్నట్టు చప్పుడు చేసేది. చాచా రెండుసార్లు పంపు విప్పాడు. లోపలి చక్రం అరిగిందని, కొత్తది తెప్పించాలని మేనేజరుకు చెప్పాడు. నాకు చూపించినప్పుడు చక్రం అంచు పదునుగానే ఉంది. ఆ మాట నేను అనలేదు.

నేను చేయాల్సినవన్నీ చేస్తున్నాననుకున్నాను. రోజూ పొద్దున ఆరు గంటలకు, ఒక్కరోజు కూడా తప్పకుండా, ముళ్లు వేసిన తాడుకు రాయి కట్టి బావిలో దింపేదాన్ని. ముడికీ ముడికీ నడుమ ఒక మూర. నీళ్లు పన్నెండో మూర దగ్గర తగిలేవి. పంపు గొట్టం అడుగు పదిహేనో మూర దాకా ఉంది. అంటే గొట్టం మీద మూడు మూరల నీళ్లు. బావికి ఏ లోటూ లేదని పుస్తకంలో రాసేదాన్ని. నెలంతా అదే అంకె.

నేను వేసిన పట్టిక

నెల మూడోవారంలో మేనేజరు ఒత్తిడి అంకెలు ఒక కాగితం మీద కుదించి ఇమ్మన్నారు. ఆయన అడిగింది మొత్తం నెలకు సగటు. నేను గొప్పకు పోయి వారాలవారీగా విడదీశాను. సోమవారాలన్నీ ఒక వరుసలో, మంగళవారాలన్నీ ఒక వరుసలో. పక్కన ఎవరు పనిలో ఉన్నారో కూడా రాశాను, పుస్తకంలో ఆ గడి ఉండేది కాబట్టి.

రాఘవరావు గారు శనివారం నన్ను పిలిచారు. కాగితం మీద వేలు పెట్టారు.

"సుగుణా, సోమవారం రెండింటికి ఎంత?"

"నూట ఎనభై అయిదు సార్."

"మిగతా అయిదు రోజులు?"

"రెండు వందల ఇరవై అయిదుకు తక్కువ లేదు." ఆదివారం కార్ఖానా ఉండదు.

"సోమవారం మేస్త్రీ ఎక్కడ ఉంటాడు?"

సోమవారాలు చాచా పొద్దుటి రైలుకు ఏరు దాటి వనపర్తి పోయేవాడు. అక్కడ మా కార్ఖానా యజమాని సేటు గారి పిండిమరలో పంపు చూసి సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు.

"ఆయన లేని రోజు పంపు బాగుంటుంది. ఆయన ఉన్న రోజు చెడుతుంది. పైగా కొత్త చక్రం కావాలంటాడు. ఇంకేం చెప్పాలి? గురువారం టపాలో సేటు గారికి రాస్తున్నా. వేరే మేస్త్రీని చూసుకుంటారు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పట్టిక బాగా వేశావమ్మా. ఇన్నాళ్లూ నాకు తట్టలేదు."

నా పనికి నాకు దొరికిన మొదటి మెప్పు అది.

చాచాకు అరగంటలో తెలిసింది. బ్రష్షులు మారుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు. "లెక్క నువ్వే కట్టినవంట?"

"కట్టిన చాచా."

"తప్పు రాసినవా?"

"లేదు. ఉన్నదే రాసిన."

"మరి ఏడుస్తవేంది? ఉన్నది రాస్తే ఏడ్వొద్దు." చేతిలోని బ్రష్షు పక్కన పెట్టి, "ముప్పై ఏండ్ల సంది మోటార్ల కాడ్నే ఉన్న. గీ పంపును నేను ఖరాబు చేసిన్నా? నా చెయ్యి గట్ల చేస్తదా?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. తన చేతుల్ని అడిగినట్టు ఉంది.

రెండు ముళ్లు

ఆదివారం చర్చికి పోయి వచ్చి పుస్తకం ముందు కూర్చున్నాను. చాచా మంచివాడు కాబట్టి తప్పు చేయలేదని అనుకోవడం నాకు చాలలేదు. మంచివాళ్లు కూడా పంపులు పాడుచేస్తారు. నేనే చేశాను.

ఇక్కడ ఒక సంగతి కనిపించింది. ఒత్తిడి పెరిగిన ప్రతి మధ్యాహ్నం పెద్ద మోటారు ఆంపియర్లు, అంటే అది లాగే కరెంటు, పెరిగాయి. అది న్యాయమే. కానీ చిన్న మోటారువి తగ్గాయి. తొమ్మిది ఉండేది ఆరుకు వచ్చింది. పంపు నూలుతాడు బిగిస్తే తగ్గవు. ఇరుసు పట్టేస్తే తగ్గవు. అవి నేను నా చేతులతో చూసినవి. పంపును ఎవరైనా పట్టి బిగబడితే మోటారు ఎక్కువ లాగాలి. ఇది తక్కువ లాగుతోంది, అంటే దాని మీద బరువు తగ్గింది. దాని బరువు నీళ్లే. చప్పుడు రాళ్లది కాదు, గాలిది కావచ్చు. నీళ్లు నిండుగా ఉన్న బావిలో గొట్టానికి గాలి ఎక్కడిది?

నిండుగా ఉన్నాయని చెప్పింది నేను, పొద్దున ఆరింటి తాడుతో.

సోమవారం చాచా రైలెక్కాక, మొదటిసారి మధ్యాహ్నం పన్నెండింటికి తాడు దింపాను. పన్నెండో మూర దగ్గరే నీళ్లు. పంపు మెత్తగా తిరుగుతోంది. అరుగు మీద నిలబడి ఉండగా చుట్టూ ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో అర్థం కాలేదు. మంగళవారం అదే వేళకు మళ్లీ దింపాను. ముడి తర్వాత ముడి పోతూనే ఉంది. పద్నాలుగున్నర దగ్గర తగిలింది. గొట్టం మీద అర మూర నీళ్లు, అందులో సుడి, సుడిలోంచి గాలి. అప్పుడు వినబడింది, సోమవారం వినబడనిది. గోడ అవతలి పొలంలో బసప్ప పటేలు ఎడ్లతో నీళ్లు తోడే మోట గిలక కిర్రుమంటోంది.

మాకు ఎడ్లు లేవు. సోమవారం ఎడ్లకు కాడి కట్టరని మాత్రం ఈ పక్కన పుట్టిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. అది పంపుకు సంబంధించిన సంగతి అని తోచలేదు, అంతే. రాఘవరావు గారికి కర్నూల్లోనూ తెలిసే ఉంటుంది. చాచాకు తెలుసు. ముగ్గురం తెలిసిన దాన్ని గోడ అవతలే వదిలి, గోడ లోపల దొంగను వెతికాం.

బసప్ప పటేలు

ఆయన బావి గట్టు నేను ఎక్కకూడదు. దూరంగా ఉల్లి మడి పక్కన నిలబడి, "దండం పటేలా" అన్నాను.

"ఏందమ్మీ? ఐసు పిల్లవు గదా నువ్వు? ఈడికి ఐసు అమ్మొచ్చినవా?"

"ఒక్క మాట అడుగుదామని వచ్చిన. ఈ ఏడు మీ బావి తవ్వి దించిండ్రా?"

"నాలుగు మూరలు దించిన. రెండు జతలు కట్టిన, పొద్దు పొడవంగ సంది మోట గుంజుడే. నీకెందుకు?"

చెప్పాను. మా బావికీ మీ బావికీ కింద ఒకటే ఊట ఉందేమో అన్నాను. మీ నీళ్లు ఎంత లోతున తగులుతాయో తాడు వేసి చెప్పమన్నాను. నా తాడు ఆయన ముట్టుకోడు. తన మోట తాడునే మూరలు కొలిచి చెప్పాడు. ఆయన మూర నా మూరకన్నా నాలుగు వేళ్లు పెద్దది. గడ్డిపరకలు పెట్టి లెక్క సరిచేసుకుంటుంటే పెద్దగా నవ్వాడు. "అమ్మో, గీ పిల్లను పెండ్లి చేసుకునేటోడు బువ్వ మెతుకులు లెక్కవెట్టుకోవాలె!"

"రెండు బావుల నీళ్లు ఒక్క మట్టానే ఉన్నయి. రేపు పదింటి నుంచి పన్నెండున్నర దాకా ఎడ్లు విప్పుండ్రి పటేలా. ఒక్క దినమే."

"నా ఉల్లిగడ్డ ఎండాల్నా నీ ఐసుకు? కోటలోళ్లు సోడ తాగుడానికి?"

"దవాఖానకు పోతది. జ్వరమొచ్చినోళ్లకు."

ఆయన ఎద్దు మెడ తట్టాడు. అప్పుడు నేను, గొట్టాల మీద నుంచి దిగిన నీళ్లు మురికి కాలువలోకి వదిలేస్తున్నామని, జర గోరువెచ్చగా ఉంటాయి కానీ మంచి నీళ్లేనని, మేనేజరును ఒప్పించి ఆ కాలువ ఆయన మడుల వైపు తిప్పిస్తానని అన్నాను. అలా అనడానికి నాకు ఏ అధికారమూ లేదు. అన్నాళ్లూ ఆ నీళ్లు ఊరికే పోతున్నాయని కూడా మాలో ఎవరికీ పట్టలేదు.

"ఊకెనే పారిపోతున్నయా? ఎన్ని దినాల సంది?"

"అయిదేండ్లు."

బసప్ప పటేలు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను ఎడ్ల నడుములు ఇరగ్గొట్టి గుంజుతున్న. మీరు అవతల పారబోస్తున్నరు. సదువుకున్నోళ్లు!" తర్వాత అన్నాడు, "సరే, రేపు ఇప్పుత. కాల్వ తిప్పకపోయినవో, నీ తాడుతోనే నిన్ను బాయిల కొలుస్త."

బుధవారం

రాఘవరావు గారు మొదట ఒప్పుకోలేదు. "సార్, టపా రేపు. ఈరోజు మీరే ముల్లు చదవండి, నేను చదివితే నా లెక్క అంటారు" అన్నాను. చాచాను పొద్దున్నుంచి ఆయన గది ముందు బల్ల మీద కూర్చోబెట్టమని కూడా నేనే అడిగాను. చాచా అప్పుడు నా వైపు చూసిన చూపు బాగాలేదు. తప్పలేదు. ఆయన కార్ఖానాలోనే ఉండాలి, యంత్రానికి దూరంగా, మేనేజరు కళ్ల ముందు ఉండాలి.

పదింటికి గిలక చప్పుడు ఆగింది. అప్పటికి ఒత్తిడి రెండు వందలు. పదకొండింటికి నూట తొంభై. పన్నెండింటికి నూట ఎనభై ఆరు. రాఘవరావు గారు గేజీ అద్దం మీద రెండుసార్లు వేలితో తట్టారు. ముల్లు కదల్లేదు. సోమవారం కాని రోజున, మేస్త్రీ ఉండగా, ఎండ మాడ్చేస్తుండగా, పంపు మెత్తగా తిరుగుతోంది.

"యాదృచ్ఛికం కావచ్చు" అన్నారు.

"కావచ్చు సార్. పన్నెండున్నరకు మళ్లీ కడతాడు. రెండింటి దాకా ఉండండి."

ఆయన భోజనానికి పోలేదు. కుర్చీ తెప్పించుకుని గేజీ ముందే కూర్చున్నారు. గిలక మొదలైంది. ఒకటింటికి రెండు వందలు. రెండింటికి రెండు వందల ఇరవై రెండు. బావిలోంచి రాళ్లు నమిలే చప్పుడు వచ్చింది. ఎదురుగా, గది ముందు బల్ల మీద కూర్చున్న చాచా లేవలేదు కానీ చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. చప్పుడు విన్న ప్రతిసారీ పంపు వైపు పోయే చెయ్యి అది. రాఘవరావు గారు దాన్ని చూశారు. నేను ఆయన చూడటాన్ని చూశాను.

జేబులోంచి నా పట్టిక తీసి నా చేతికి ఇచ్చారు. క్షమించమని అనలేదు, చాచాతోనూ అనలేదు. "కాలువ ఎటు తిప్పాలో చూపించు" అన్నారంతే. గురువారం టపాలో ఉత్తరం పోలేదు. పై అధికారి తన తప్పును నోటితో ఒప్పుకోవాలని మీరు కాచుక్కూర్చోకండి. కాలువ తిరిగిందా లేదా చూడండి. నేను అలా సరిపెట్టుకున్నాను. చాచా సరిపెట్టుకోలేదని నాకు తెలుసు. ఆయనదే న్యాయం.

కాలువ తిరిగాక బసప్ప పటేలు ఒక జత ఎడ్లను మధ్యాహ్నం పూట విప్పేసేవాడు. తీర్ నెల చివరి వారంలో నలభైకి ముప్పై తొమ్మిది డబ్బాలు గట్టిగా వచ్చాయి. నలభయ్యో డబ్బాకు అడుగున చిల్లి ఉంది, దానికి ఎడ్లతో సంబంధం లేదు.

ఒక గడి

ఆ బుధవారం సాయంత్రం చాచా నా దగ్గరికి వచ్చి పుస్తకం తెరవమన్నాడు. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. గడుల మీద వేలు పెడుతూ ఒక్కొక్కటే అడిగాడు.

"గిదేంది?"

"ఒత్తిడి."

"గిది?"

"ఆంపియర్లు."

"గిది?"

"మేస్త్రీ హాజరు."

"ఊఁ. నేను ఉన్ననా లేన్నా అని గడి ఉన్నది. ఎద్దు ఉన్నదా లేదా అని లేదు. గందుకే బేటీ, దొరికినోన్ని పట్టుకున్నరు."

నా అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. అన్నీ నేను గీసుకున్న గడుల్లోవే, బావి అంకెలన్నీ పొద్దున ఆరింటివే. దీన్ని ఇంతకన్నా బాగా ఎవరూ నాకు చెప్పలేదు, తర్వాత చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

స్కేలు తెచ్చి, పేజీ కుడివైపు అంచున ఒక గడి గీశాను. దాని మీద "బయట" అని రాశాను. వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్లోనూ నా పుస్తకాలన్నింటిలో ఆ గడి ఉంది. అందులో జాతర అని ఉంటుంది, రోడ్డు తవ్వుతున్నారు అని ఉంటుంది, చాలా రోజులు ఏమీ ఉండదు. దాని మొదటి వరుసను చాచా ముందే రాసి, ఆయనకు చదివి వినిపించాను.

"పది గంటలకు బసప్ప పటేలు ఎడ్లు విప్పాడు. పన్నెండున్నరకు కట్టాడు. కరీం మేస్త్రీ రోజంతా ఇక్కడే ఉన్నాడు."

చాచా ఆ మాట మళ్లీ చదవమన్నాడు.

చదివాను.